అనంతమ్మ పేరు మీద పోయిన ఉమ్మి

శంషాబాద్ సర్వీసు రోడ్డు మీద, పెట్రోలు బంకు పక్కన జామకాయల గంప పెట్టుకొని కూసున్న కొండమ్మ, తన యారాలు, అదే మరిది పెండ్లాం, అనంతమ్మ గెలిచిన లొల్లిని కండ్లారా చూసింది. చూసింది గానీ, అది లొల్లి అని ముందు గుర్తు పట్టలేదు. ఎందుకంటే అందులో నోరు లేవలేదు, కొంగు దోపలేదు, ఎవరి తాతముత్తాతలూ బొందలల్లకెల్లి లేచి రాలేదు.

అనంతమ్మది ఎయిర్‌పోర్టులో పని. దిగిన విమానం మళ్లీ ఎగిరేలోపల లోపలికెక్కి సీట్లు దులపాలె, చెత్త ఎత్తాలె, బెల్టులు సక్కగ పెట్టాలె. ఆ పనికిపోయే ఆడవాళ్లను తీసుకపోయే వ్యాను ఊరి మలుపు దాకా రాదు, కిలోమీటరు అవతల బంకు కాడ ఆగుతుంది. మలుపు దాకా రమ్మని ఆడవాళ్లు అడిగీ అడిగీ యాష్టపడ్డరు. ఆ రోజు అనంతమ్మ ఏమీ అడగలేదు. నడుచుకుంట వచ్చింది, వ్యాను ముందర రోడ్డు మీద బాసంపట్లు వేసుకొని కూసున్నది, సద్దిగిన్నె మూత తీసింది.

డ్రైవర్ పాండు హారన్ కొట్టిండు. ఆమె టమాట పప్పు కలుపుకున్నది.

"అక్కా, ఏందిది? లే, లే!"

"తింటున్న తమ్మీ."

"బండ్లె కూసొని తినరాదా?"

"బండ్లె మెతుకులు పడ్తయని మొన్న నువ్వే అంటివి. బంకు దాకా నడిచేటందుకు తినే టైం పోతుంది. ఇంట్ల తినలేక, బండ్లె తినరాక, గిక్కడ కూసున్న. నువ్వు పరేషాన్ గాకు, తిన్నంక లేస్త."

పాండు ఫోను మోగింది. విమానం దిగింది, మనుషులేరని అవతల సూపర్‌వైజర్ రవీందర్ ఒర్రుతున్నడు. "సార్, ఒకామె బండి ముందర అన్నం తింటుంది సార్" అని పాండు చెప్పుకునే దిక్కుమాలిన తీరు చూసి బంకు పిలగాండ్లందరు నవ్విండ్రు. అనంతమ్మ మాత్రం తొందరపడలేదు. మామిడి తొక్కు నంజుకున్నది. వేళ్లు నాకింది. ఆమె చేయి కడిగేసరికి అవతలినుంచి హుకుం వచ్చింది: రేపటిసంది మలుపు కాడ ఆపాలె.

అదే కొండమ్మ అయితే పాండు ఏడు తరాలను దించేది, ఊరంతా జమయ్యేది, మర్నాడు మళ్లా బంకు దాకా నడుచుకుంటనే పోయేది. ఆ సంగతి కొండమ్మకూ తెలుసు. తెలిసి కడుపు మండింది.

వ్యాను కదిలినప్పుడు కిటికీలోంచి అనంతమ్మ మొఖం కనబడ్డది. దవడలు బిగబట్టుకొని పండ్లు నూరుతుంది. మెడ మీద చెమట, ఎవరో ఎరువు గంప ఎత్తించినట్టు. గెలిచిన మనిషి మొఖం గిట్లుంటదా అని కొండమ్మ ఒక్క నిమిషం అనుకున్నది. అంతల ఎవరో కారు ఆపి జామకాయలు ఎట్ల అని అడిగిండ్రు. మరిచిపోయింది.

అనంతమ్మ కొత్తూరు దిక్కు రైతుల పిల్ల. పద్దెనిమిదేండ్లకు కొండమ్మ మరిది బిక్షానికి పెండ్లామై వచ్చింది. ఆరేండ్లు యారాండ్లిద్దరూ ఒక్క పొయ్యి మీద వండుకున్నరు. ఆ ఆరేండ్లల్ల కొండమ్మ ఆమెతోని కొట్లాడాలని పప్పుల ఉప్పెక్కువైందనీ, ముగ్గు వంకరనీ ఎన్ని తీర్ల గోకి చూసిందో లెక్కలేదు. అనంతమ్మ "సరే అక్కా" అనేది. రాయికి నెత్తి కొట్టుకున్నట్టుండేది.

బిక్షం కాటేదాన్‌లో రేకులు కొట్టే కార్ఖానాలో ఇరవై రెండేండ్లు చేసిండు. మిషన్ సప్పుడుకు చెవులు రెండూ పోయినయి. ఇంటికి వచ్చినంక ఆయనతోని ఒర్రి మాట్లాడాలె. అనంతమ్మ ఒర్రదు. ఎదురుంగ పోయి నిలబడి, ఆయన తన పెదవులు చూసేదాకా ఆగి చెప్తది. ఆయన చూడడు. "ఏం గొణుగుతున్నవ్? నన్నే తిడుతున్నవా?" అంటడు. పొద్దున అంటడు, మాపటికి అంటడు. తిట్టని తిట్టుకు ఆ మనిషి పదిహేనేండ్లు మాటలు పడ్డది.

పని కాడ రవీందర్ ఉంటడు, చేతి గడియారం చూసుకుంట. విమానం కాడ ఇరవై నిమిషాలు, ఆపైన ఒక్క నిమిషమైతే ఎక్కేటోళ్లందరు మెట్ల కింద నిలబడి చూస్తుండంగ ఎన్ని మాటలనాలో అన్ని అంటడు. ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మాపటిది, ఒక వారం రాత్రిది. నిద్ర ఎప్పుడు పట్టాలో ఒంటికే తెలియదు.

"ఒక్క మాటన్న అనరాదే వానిని?" అని కొండమ్మ ఎన్నోసార్లు అన్నది.

"అంటే నా నోరు నొస్తది అక్కా. వాని చెవి నొయ్యదు."

ఊర్లో అందరు అనంతమ్మది చల్లకుండ గుణం అనేటోళ్లు. ఆడపిల్లలకు చూపిచ్చి బుద్ధులు చెప్పేటోళ్లు. ఆడది నోరు మూసుకుంటే ఊరికి ఎంత సల్లగుంటదో! కుండ లోపట ఏమైతుందో మూత తీసి చూసినోడు లేడు.

మూత తీసి చూస్తమని ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు అనుపమ. కోస్తా మనిషి. పెద్ద చదువు చదివి, ఎయిర్‌పోర్టు చుట్టుముట్టు ఊర్లల్ల షిఫ్టు పని చేసే ఆడవాళ్లకు గుండె జబ్బులు ఎందుకు ముందే వస్తున్నయో తెలుసుకుంటనని, పంచాయతీ ఆఫీసులో బల్లలు వేయించి కూసున్నది. ఒక్కొక్కరికి తోడు ఇంకొకరు రావచ్చన్నరు. అనంతమ్మకు తోడు కొండమ్మ పోయింది, ముచ్చట వినేటందుకు.

"చూడండమ్మా," అన్నది డాక్టరమ్మ, "గుండె నుంచి రక్తం తీసుకెళ్లే నాళాలు మెత్తగా ఉండాలి. రక్తంలో కొవ్వు పెరిగినా, లోపల వాపు ఉన్నా అవి గట్టిపడతాయి. వాపు ఉందో లేదో రక్తంలో ఒక గుర్తు చెబుతుంది. మెడ దగ్గర మిషన్ పెట్టి నాళం గోడ ఎంత మందంగా ఉందో కూడా చూస్తాం."

"బోరు నీళ్ల పైపుల సున్నం పట్టినట్టా?" అన్నది కొండమ్మ.

"అంతే పెద్దమ్మా, బాగా చెప్పారు."

కొండమ్మ చుట్టుపక్కల వాళ్ల మొఖాలు చూసింది, అందరు విన్నరా లేదా అని.

"ఇంకొకటి. మనిషి భయపడినా, హడావుడి పడినా, కోపం మింగినా ఒంట్లో ఒక రసం ఊరుతుంది. కార్టిసాల్ అంటారు. పొద్దున లేవగానే పెరగాలి, పడుకునే వేళకి తగ్గిపోవాలి. కొంతమందికి తగ్గదు. పగలూ రాత్రీ ఒకేలా ఉంటుంది. అలాంటి వాళ్ల నాళాలు తొందరగా గట్టిపడుతున్నాయేమో అని మా అనుమానం. అది ఉమ్మిలో తెలుస్తుంది."

రక్తం అనంతమ్మ కిక్కురుమనకుండ ఇచ్చింది. మెడకు మిషన్ పెట్టిచ్చుకున్నది. తర్వాత నర్సు నాలుగు చిన్న ప్లాస్టిక్ గొట్టాలు చేతిలో పెట్టింది. లేవంగనే ఒకటి, అరగంటకు ఒకటి, పగటిపూట ఒకటి, పండుకునే ముందర ఒకటి. పండ్లు తోమకముందే ఉమ్మాలె, తిన్నంక వెంటనే ఉమ్మరాదు. ప్రతి గొట్టం మీద అనంతమ్మ పేరు అంటిచ్చి ఉన్నది.

ఇంటికి పోయే తొవ్వలో అనంతమ్మ ఆగింది. "అక్కా, నేనియ్య."

"ఏమియ్యవ్?"

"ఉమ్మి."

ఆమె చెప్పనక్కరలేదు, కొండమ్మకు తెలుసు. అనంతమ్మ మొదటి కానుపు ఏడో నెలల పోయింది. దువ్వుకున్న ఎంటికలు వాకిట్ల పడేసింది, ఎవరో ఏరుకపోయి చేతబడి చేయించిండ్రని అత్త తొమ్మిది రోజులు శోకాలు పెట్టింది. ఆనాటిసంది అనంతమ్మ దువ్వెనకు చిక్కిన ఎంటికలు పొయ్యిల వేస్తది. గోర్లు పొయ్యిల వేస్తది. బయట ఉమ్మదు, ఉమ్మితే మట్టి కప్పుతది. ఇన్నేండ్లల్ల ఎవరికీ ఈ మాట చెప్పలేదు. విమానంల వెయ్యిమంది ఎంటికలు, ఎంగిలి, కక్కిన సంచులు ఎత్తే మనిషి, తన ఎంగిలి ఒకరి చేతిల పెట్టేటందుకు ప్రాణం ఒప్పుకోలేదు.

"రక్తం ఇచ్చినవ్ గదనే!"

"రక్తం సూదితోని గుంజిండ్రు. ఇది నా నోటితోని నేనే ఇచ్చుడు గద. సంతోషికేమన్న అయితే?"

సంతోషి ఆమె బిడ్డ. తర్వాత పుట్టింది, బతికి బట్టకట్టింది ఆ ఒక్కతే.

కొండమ్మ పకపక నవ్వింది. "నా ఉమ్మి తీస్కపోయి ఎవడన్న చేతబడి చేస్తే, చేసినోడే సస్తడు. ఇటు తే."

ఆ నవ్వుతోనే నాలుగు గొట్టాలు కొంగుల మూట కట్టుకున్నది. మర్నాడు లేవంగనే ఒకటి, గోడ గడియారంల అరగంట చూసి ఒకటి, జామకాయల గంప కాడ ఒకటి, పండుకునే ముందర ఒకటి. చదువుకున్నోళ్లు కూడా అంత నియమంగ చేసి ఉండరు. గొట్టాలు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టి, పొద్దున అనంతమ్మ చేతికిచ్చింది. అనంతమ్మ తల వంచుకొని పోయి నర్సుకిచ్చింది.

నెల తిరిగేలోపల కాగితాలు వచ్చినయి. డాక్టరమ్మ అనంతమ్మను ఎదురుంగ కూసోబెట్టింది. కొండమ్మ వెనుక నిలబడ్డది.

"అనంతమ్మగారూ, మీకు యాభై రెండేళ్లు. కానీ మీ మెడలో నాళం డెబ్బై ఏళ్ల వాళ్లకి ఉన్నట్టుంది. రక్తంలో వాపు గుర్తు కూడా ఎక్కువే ఉంది. మాత్రలు రాస్తాను, మానకూడదు." ఇంకో కాగితం తిప్పి మొఖం వెలిగించింది. "కానీ ఇది చూడండి, ఒత్తిడి రసం. పొద్దున లేచింది, రాత్రికి హాయిగా దిగిపోయింది. మీ ఊళ్లో ఇంత చక్కని గీత ఇంకెవరికీ రాలేదు. మీరు మనసుని ఇంత నెమ్మదిగా ఎలా పెట్టుకుంటారో అందరికీ నేర్పాలి."

కొండమ్మకు ఛాతీ ఉబ్బింది. అది తన గీత. ఊర్లె అందరికంటె మంచిది! గయ్యాళి అన్నరు, నోటి దురుసు అన్నరు, ఇప్పుడు మిషనే చెప్పింది ఎవరి ఒళ్లు నిమ్మళంగ ఉన్నదో. ఆ సంబురంలో తర్వాతి మాట సగమే విన్నది.

అనంతమ్మ అడుగుతుంది, "మేడం, పగటి డ్యూటీకి కాగితం రాసిస్తరంట గద. రేఖకు ఇచ్చిండ్రంట." రేఖ అదే వ్యానులో పోయే పిల్ల. డాక్టరు కాగితం చూపిస్తే తప్ప కాంట్రాక్టరు డ్యూటీ మార్చడు.

"అది ఈ రసం దిగని వాళ్లకేనమ్మా. ఒక్క పరీక్షతో అన్నీ తేలవు గానీ, మీ విషయంలో ఒత్తిడి కారణమని నేను రాయలేను. రుజువు లేదుగా. ఉప్పు, నూనె తగ్గించండి."

అనంతమ్మ వెనక్కి తిరిగి కొండమ్మను చూసింది. ఒక్క చూపు.

ఆ నిమిషం కొండమ్మ నోరు తెరిస్తే అయిపోయేది. ఊర్లె ఎవరి ముచ్చటకైనా ఊడిపడే నోరు. కానీ బల్లల చుట్టు ముప్పై మంది ఆడవాళ్లున్నరు. దొంగ ఉమ్మి ఇచ్చిందంటరు. ఆ మంచి గీత కూడా చేజారిపోతది. కొండమ్మ కొంగు సర్దుకున్నది.

బయటికి వచ్చినంక అనంతమ్మ అన్నది, "చెప్తవనుకున్న అక్కా."

"గొట్టం నీ పేరు మీదిది. నువ్వే చెప్పాలె."

"సరే అక్కా."

ఆ సరే కొండమ్మను కొరికింది. అయినా ఎట్ల మరిచిపోవాలో ఆమెకు తెలుసు. మరిచిపోయింది.

అనంతమ్మ మాత్రలు వేసుకున్నది. తొక్కు మానింది. వారానికొక తీరు డ్యూటీ మాత్రం మానలేదు, రవీందర్ గడియారం మానలేదు, బిక్షం "ఏం గొణుగుతున్నవ్" మానలేదు. తొమ్మిది నెలలకు ఒక పగటిపూట, విమానంల పద్నాలుగో వరుస కాడ బెల్టు పట్టుకుంటే కుడిచేయి పట్టు దొరకలేదు. ఎడమచేత్తోని పెట్టింది. పదిహేనో వరుస కూడా ఎడమచేత్తోనే పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఇరవై నిమిషాలల్ల పని కావాలె గద! దిగేటప్పుడు మెట్ల మీద కాలు జారింది. మూతి ఒక దిక్కు గుంజుకపోయింది. మెడల నాళంల గడ్డకట్టి మెదడుకు రక్తం అందలేదని దవాఖానల చెప్పిండ్రు. ఒక్క గంట ముందు తెస్తే చేయి దక్కేదన్నరు. ఆ గంట అనంతమ్మ బెల్టులు సక్కగ పెట్టేటందుకు పోయింది.

"ఎంత నిమ్మళమైన మనిషి, ఆమెకు గిట్లెట్లొచ్చె?" అని పరామర్శకు వచ్చినోళ్లందరు అన్నరు. కొండమ్మ ఆ మాట పదిమంది నోట విన్నది. పదిమందికీ చాయ పోసింది.

కాంట్రాక్టరు జాలిపడ్డడు. ఆయన జాలి ఏందంటే, తల్లి జాగల బిడ్డను పెట్టుకొనుడు. కొత్తూరులో మందుల డబ్బాలు కట్టే పనికి పోయే సంతోషి అది వదిలి తల్లి నీలం అంగీ తొడుక్కున్నది. ఇరవై ఆరేండ్ల పిల్ల. అచ్చం తల్లి తీరు. ఎంతన్నా "సరే సార్." రేఖ పగటి డ్యూటీ ఏడు నెలలు చేసింది. ఆ తర్వాత ఒంట్లె బాగలేనోళ్లు మాకొద్దని కాంట్రాక్టరు ఆమెను తీసేసిండు. నిజం చెప్పిన ఉమ్మికి దక్కింది అదీ.

రెండేండ్లకు డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి జబ్బుపడ్డోళ్ల పిల్లలను చూస్తనన్నది. సంతోషి రక్తం ఇచ్చి, మెడకు మిషన్ పెట్టిచ్చుకొని, నాలుగు గొట్టాలు పట్టుకొని ఇంటికొచ్చింది. మంచంల తల్లి, గడపల కొండమ్మ. బిక్షం వాకిట్ల కూసున్నడు, ఆయనకు ఏదీ వినబడదు.

సంతోషి గొట్టాలు కొండమ్మ ఒళ్లె పెట్టింది. "పెద్దమ్మా, నువ్వే ఉమ్మియ్యి."

కొండమ్మ గొట్టాలు చేతిలకు తీసుకున్నది. "ఎవరు చెప్పిండ్రే నీకు?"

"అమ్మనే చెప్పింది, జరజర మాట వచ్చినంక. నాకు చేతబడి గీతబడి భయమేం లేదు. మంచి రిపోర్టు రావాలె, గంతే. రిపోర్టు ఖరాబొస్తే రేఖక్కను తీసేసినట్టు నన్ను తీసేస్తరు. నీదైతే ఫస్ట్‌క్లాసుగ వస్తదంట గద!"

"మెడల మిషన్ ఏం చెప్పిందే?"

"ఏం చెప్పలే. ఆ డాక్టరమ్మ ఊకె అదే జాగల మళ్లా మళ్లా పెట్టి చూసింది."

మంచంలోంచి ఒక సప్పుడు వచ్చింది. అనంతమ్మ మాట ఇంకా పూర్తిగ తిరగలేదు. ఒక్కో మాట రాళ్లల్లకెల్లి గుంజినట్టు గుంజాలె. ఆ ఇంట్ల ముప్పై ఏండ్లల్ల ఎన్నడూ లేనంత గట్టిగ ఒర్రింది.

"పెట్టు... కింద!"

వాకిట్ల బిక్షం ఉలిక్కిపడి లోపలికి చూసిండు. సంతోషి బిక్కమొఖం వేసింది. "డ్యూటీ పోతే ఏం తింటమే అమ్మా?"

అనంతమ్మ బిడ్డ దిక్కు చూడలేదు. ఎడమచేత్తోని కొండమ్మ కొంగు పట్టుకున్నది. పట్టు గట్టిగనే ఉన్నది.

"అక్కా. నిన్ను... ఎన్నడన్న... ఏమన్న అడిగిన్నా?"

అడగలేదు. కొండమ్మ తల అడ్డంగ ఊపింది.

"ఇగ అడుగుతున్న. ఇప్పుడే... డాక్టరమ్మ కాడికి పో. అందరున్నప్పుడే పో. పోయినసారి ఆ ఉమ్మి... నాది గాదని చెప్పు. నీదని చెప్పు. నాదైతే... రాత్రికి దిగకపోతుండె అని చెప్పు. నా బిడ్డది సుత... దిగుతలేదేమో, జర చూడమని చెప్పు." ఊపిరి కోసం ఆగింది. పెదవి మూలకు కారిన చొంగను కొండమ్మ తుడవబోతే చేయి నెట్టేసింది. "చెప్పి ఇంటికి రా. రేపు ఇది లేవంగనే... ఎదురుంగ కూసో. డ్యూటీకి పోతే... వెంట పో, గేటు కాడ కూసో. నాలుగు గొట్టాలల్ల... నాలుగూ దాని నోటికెల్లే పడాలె. నీ కండ్ల ముందర."